గాదెలంక గొడుగు వరుస

గాదెలంకలో ఎవరినైనా పట్టుకుని "బాగున్నారా?" అని అడిగి చూడండి. "బాగున్నాం" అని చెప్పే మనిషి మీకు దొరకడు. పంట ఇంటికొచ్చి, అల్లుడికి ఉద్యోగమొచ్చి, గేదె ఈని పూటకు రెండు చెంబుల పాలిస్తున్నవాడు కూడా మొహం కాస్త వేలాడేసి, "ఏదోనండీ, అలా నెట్టుకొస్తున్నాం" అంటాడు. అది దిగులు కాదు, మర్యాద. మర్యాద ఒక్కటే కాదు, జాగ్రత్త కూడా. బాగున్నామని నోరారా అనేస్తే ఎవరి కన్నో పడుతుందని, పడ్డాక ఆ బాగు నాలుగు రోజులు నిలవదని ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

గుర్నాథానికి మరీ బాగా తెలుసు. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఉద్యోగంలో ఉండగా ఒకరోజు తనిఖీకి ఎక్కిన పెద్దాయన "సర్వీసెలా నడుస్తోందయ్యా?" అని అడిగితే, ఆ పొద్దున పెసరట్టు కుదిరిన సంతోషంలో నోరు జారి "బ్రహ్మాండంగా ఉందండి" అనేశాడు. బియ్యం మిల్లు మలుపు తిరగ్గానే బస్సు మెల్లగా పక్కకు ఒరిగి కాలవలోకి దిగింది. మనుషులకు ఏమీ కాలేదు గాని, ఒకావిడ కోళ్ళగంప మాత్రం తేలుకుంటూ లాకుల దాకా పోయింది. ఆనాడు స్టీరింగు పట్టుకున్న అప్పన్న నేటికీ గుర్నాథం ఎదురైతే ముందా కోళ్ళ సంగతే ఎత్తుతాడు. అప్పన్నకు ఇంకో అలవాటు కూడా ఉండిపోయింది. బండి కదలమనే గుర్నాథం ఈల రెండుసార్లు వినపడితే చాలు, ఎందుకు, ఏమిటి అని అడక్కుండా కాలు దానంతటదే పని చేసుకుపోతుంది.

ఉద్యోగం అయిపోయాక గుర్నాథానికి సాయంత్రాలు మిగిలాయి. వాటిని ఏం చేసుకోవాలో తోచక కాలవగట్టున తిరుగుతుంటే ఆడపిల్లల కబడ్డీ క్లబ్బు కంట పడింది. ఎండకు రాయైపోయిన నేలమీద పిల్లలు పడి లేస్తుంటే చూడలేక ఒకరోజు బిందె తెచ్చి కాలవలో ముంచి నేల తడిపాడు. మర్నాడూ తడిపాడు. ఆ తరవాత అదే ఆయన ఉద్యోగమైపోయింది. జీతం లేదు, పింఛను లేదు, సెలవులూ లేవు. తడిసిన నేల వాసన పైకి లేవగానే పిల్లలు "తాతా, ఇంక చాల్లే!" అని అరుస్తూ కోర్టులోకి దూకుతారు. ఆ అరుపు వినడం కోసం ఆయన మధ్యాహ్నం నిద్ర కూడా మానేశాడు.

అక్కడ ఇంకో మనిషి అమ్మాజీ. పొద్దున ఇడ్లీల బండి, సాయంత్రం క్లబ్బు. అల్లం, పచ్చిమిరపకాయ దంచి వేసిన మజ్జిగ బిందెడు తెచ్చి పిల్లల చేత తాగించేది. ఒకప్పుడు తానూ ఆడిన మనిషే. ఆవిడ కూత పెడితే అవతలి గట్టు మీద మేకలు తలెత్తేవని చెప్పుకుంటారు. వీళ్ళిద్దరినీ ఎవరూ నియమించలేదు, ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ అడ్డూ చెప్పలేదు. అలా హాయిగా జరిగిపోతుండగా ఆ ఏడు గాదెలంక పిల్లలు ఎన్నడూ లేనిది జిల్లా ఫైనలుకు చేరారు. ఆట తమ ఊళ్ళోనే. ఎదర జట్టు తోటపేట. చూడ్డానికి రాష్ట్ర సెలెక్టరు మేడమ్ కూడా వస్తున్నారని కబురు. కెప్టెన్ నూకరత్నం ఆ రాత్రి అన్నం తినలేదు.

సరిగ్గా అప్పుడే ఒకమ్మాయి పలకంత ఫోను చేత పట్టుకుని గట్టు దిగి వచ్చింది. క్రీడా స్వచ్ఛంద సేవకుల సంరక్షణ మండలి అని ఒకటి కొత్తగా పుట్టిందట. క్లబ్బుల్లో ఉచితంగా పనిచేసే వాళ్ళ బాగోగులు అడిగి రమ్మని పంపారట.

"తాతగారూ, సేవ చేయడంలో మీ అనుభవం ఎలా ఉంది?"

"ఏదోనమ్మా, అలా లాగించేస్తున్నాం."

"అయితే కష్టంగా ఉందన్నమాట."

"కష్టాలెవరికి లేవు తల్లీ?"

"ఎన్నాళ్ళ నుంచీ?"

"పుట్టిన కాణ్ణుంచీ."

పట్నంలో పెరిగిన పిల్ల కాబోలు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మాజీ వైపు తిరిగి "మీకెలా ఉందండీ?" అంది.

"ఏం బతుకుల్లెండి! తెల్లారడం, పొద్దుగూకడం, అంతేగా" అంది అమ్మాజీ ఉత్సాహంగా మజ్జిగ చిలుకుతూ. "ఇంద, ఓ గ్లాసు తాగు. ఎండన పడొచ్చావు."

పిల్ల మజ్జిగ తాగింది, కళ్ళు తుడుచుకుంది, ఫోనులో ఏదో నొక్కింది. వారం తిరక్కుండా మండలి నివేదిక వచ్చింది. సేవకుల మనోవేదనలో జిల్లా మొత్తం మీద గాదెలంక ప్రథమ స్థానం. రెండో స్థానం వచ్చినందుకు తోటపేట వాళ్ళు కాస్త చిన్నబుచ్చుకున్నారు కూడా.

ప్రథమ స్థానం వచ్చిన ఊరిని ఊరికే వదలరు కదా. మండలి సంచాలకులు దివాకరం గారు స్వయంగా జీపులో దిగారు. జీపు నడుపుతున్నది మన అప్పన్నే. బస్సు దిగాక ఈ కొలువు కుదిరిందట. గుర్నాథాన్ని చూసి కిటికీలోంచి "కోళ్ళు బాగున్నాయా?" అని నవ్వాడు.

దివాకరం గారు మంచివాడు. అందులో ఎవరికీ అనుమానం లేదు. కాని ఆయన మామూలు మాట మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. మంచినీళ్ళు కావాలన్నా "దాహార్తి నివారణ దిశగా ఏమైనా ఏర్పాటుందా?" అని అడిగే రకం. కోర్టు మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నారు.

"గాదెలంక సేవకులారా! మీ మౌన రోదన మండలి చెవిన పడింది. క్షేత్రస్థాయిలో ఏకాకులై శ్రమిస్తున్న మిమ్మల్ని ఇక ఏకాకులుగా వదలం. సమగ్ర, సుస్థిర, నిరంతర తోడ్పాటు పథకం ఈ క్షణం నుంచి అమల్లోకి వచ్చింది. ప్రతి సేవకుడికీ ఒక తోడు. తోడు ఎల్లవేళలా గొడుగు పట్టాలి. అడపా దడపా 'అలసిపోయారా?' అని ఆప్యాయంగా ప్రశ్నించాలి. అలసిన సేవకుణ్ణి తక్షణం కూర్చోబెట్టాలి. తోడు లేని సేవకుడు బిందె గాని, చెంబు గాని, చీపురు గాని ముట్టరాదు. ముట్టినచో క్లబ్బు గుర్తింపు రద్దు."

క్లబ్బు ప్రెసిడెంటు బుల్లబ్బాయి గారు చప్పట్లు కొట్టారు. కొట్టాక ఆయనకు చిన్న సందేహం వచ్చింది.

"ఆయ్, బాగుందండి. గుర్నాథానికి తోడెవరండీ?"

"వనరుల పొదుపు దృష్ట్యా అమ్మాజీ గారినే నియమిద్దాం."

"అమ్మాజీ కూడా సేవకురాలేగా అండి?"

"నిస్సందేహంగా. కనుక ఆమెకూ ఒక తోడు."

"ఆ తోడుకి జీతం గట్రా ఏవన్నా ఇస్తారాండీ?"

"ఎంత మాట! స్వచ్ఛందం."

"అయితే మరి అతనూ సేవకుడేగా అండి? అతనికో?"

దివాకరం గారు తాము రాసిన ఉత్తర్వును తామే కొత్తగా చూస్తున్నట్టు చూశారు. మొహం మెల్లగా వెలిగిపోయింది.

"చూశారా, అదే దీనిలోని సుస్థిరత!"

జీపెక్కబోతూ మరో మాట చెప్పారు. ఉత్తర్వులో చివర ఒక మినహాయింపు ఉందట. ఏ సేవకుడైనా సాక్షుల ఎదుట, బిగ్గరగా, ముమ్మారు "నేను బాగున్నాను" అని ప్రకటిస్తే అతనికి తోడు అక్కర్లేదు. "కాని జిల్లా మొత్తం తిరిగాను. ఒక్కరంటే ఒక్కరు అనలేదు. ఇంత దుఃఖం పెట్టుకుని ఎలా నవ్వుతున్నారయ్యా మీరంతా?" అని గద్గదంగా అడిగారు. గాదెలంక వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని నేల చూపులు చూశారు. అనమంటే అలా ఎలా అనేస్తారు?

మొదటి రోజు గుర్నాథానికి లోపల్లోపల సరదాగానే ఉంది. జన్మలో తనకెవరూ గొడుగు పట్టలేదు. బిందె భుజాన పెట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో వెనక అమ్మాజీ గొడుగు పట్టుకుని నిబంధన ప్రకారం అడిగింది.

"అలసిపోయారా అన్నయ్యగారూ?"

"ఏదోనమ్మా" అన్నాడు అలవాటు కొద్దీ.

"అయ్యో, అలా అన్నాక కూర్చోవాలట!" అని బుల్లబ్బాయి గారు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. గుర్నాథం కూర్చున్నాడు. అమ్మాజీ వెనక గొడుగు పట్టుకున్న మిషను పాపారావు, ఆ ఊరి టైలరు, "నువ్వలసిపోయావా వదినా?" అని అడిగాడు. "చేతులు లాగేస్తన్నాయిరా నాయనా" అంది అమ్మాజీ. ఆవిడకూ కుర్చీ పడింది. ఆ పూట నేల సగం తడిసింది, సగం ఆరింది. మజ్జిగ పులిసిపోయింది.

తరవాత వరుస పెరగడం మొదలైంది. పాపారావుకు తోడుగా సోడాల నరసాయమ్మ, నరసాయమ్మకు పోస్టుమాన్, పోస్టుమానుకు మంగలి వీర్రాజు, వీర్రాజుకు అతని చేతిలో గడ్డం సగం గీసి ఉన్న ఒక రైతు. వారం వారం దివాకరం గారు వచ్చి వరుస చివరిదాకా నడుచుకుంటూ పోయి, ఆఖరి మనిషి వెనక ఎవరూ లేకపోవడం చూసి నొచ్చుకునేవారు. "పాపం, ఇతనొక్కడే ఒంటరి" అనేవారు. చివరివాడికి తోడు లేదు కనుక అతను గొడుగు ముట్టరాదు. అతను ముట్టకపోతే ముందువాడికి తోడు లేనట్టే. అలా ఒకరి నుంచి ఒకరికి ఎగబాకి ఆ లోటు వచ్చి వచ్చి గుర్నాథం బిందె దగ్గర ఆగేది. ఒక బిందె నీళ్ళు నేల మీద పొయ్యాలంటే ఊరు ఊరంతా కావాల్సి వచ్చింది. వచ్చినా చాలలేదు.

ఊళ్ళో సోడా దొరకడం మానేసింది. జాకెట్లు కుట్టే దిక్కు లేక ఒక పెళ్ళి వాయిదా పడింది. ఉత్తరాలు వచ్చినవి వచ్చినట్టే ఉండిపోయాయి. మండలి ఇచ్చిన నీలం గొడుగుల వరుస కోర్టు దగ్గర బయలుదేరి, గట్టెక్కి, బడి దాటి, మిల్లు మలుపు దాకా పాకింది. అవతల రోడ్డున పోయే బస్సుల్లో వాళ్ళు ఎవరో పెద్దమనిషి పోయాడనుకుని దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు.

పిల్లలు మాత్రం ఆ ఎండు నేలమీదే పడి లేస్తున్నారు. ఒక సాయంత్రం నూకరత్నం కూతకెళ్ళి, గీత అందుకోబోయి మోకాలి మీద పడింది. లేచేసరికి రక్తం. పిల్ల ఏమీ కానట్టు మట్టి దులుపుకుంది. గుర్నాథం కుర్చీలోంచి లేవబోయాడు. వెనకనుంచి "అలసిపోయారా?" అన్న ప్రశ్న వచ్చింది.

"ఏదోనమ్మా" అన్నాడు. అని, తన మాట తనకే వినపడి ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళుగా ఊరికే అంటూ వచ్చిన మాట, మొదటిసారి నిజమైంది. గొడుగు నీడలో, కుర్చీలో, ఊరంతా వెనక నిలబడి ఉండగా ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ పిల్ల మోకాలు చూస్తూ చేతులు కట్టుకు కూర్చోవడం కంటే కాలవలో పడ్డ బస్సును పైకి తోయడం నయం అనిపించింది.

మర్నాడు దివాకరం గారు రాగానే ఒక ఉపాయం చెప్పాడు.

"సార్, నేనే ఎల్లి ఆ ఆఖరాయనకి గొడుగు పట్టేత్తానండి. వరస గుండ్రంగా వచ్చేత్తాది. అందరికీ తోడున్నట్టే కదండీ?"

దివాకరం గారు వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు.

"భావన హర్షణీయం. కాని అప్పుడు మీరు ఏకకాలంలో నీటి సేవ, గొడుగు సేవ రెండూ నిర్వహించే ద్వంద్వ సేవకులవుతారు. భారం రెట్టింపు. కనుక మీకు ఇద్దరు తోడు కావాలి."

గుర్నాథం నోరు మూసుకున్నాడు. ఇంకో ఉపాయం చెబితే ముగ్గురు కావాలంటాడేమోనని భయం.

ఆ సాయంత్రం నూకరత్నం కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది. మోకాలికి గుడ్డ కట్టుంది.

"తాతా, ఆ మాటేదో మూడుసార్లు అనెయ్యొచ్చుగా?"

"ఏ మాటే?"

"అదే, బాగున్నానని."

"నోరు మూయవే పిల్లా!" గుర్నాథం చుట్టూ చూశాడు. "ఒక్కసారంటేనే బస్సు కాలవలోకెళ్ళింది. మూడుసార్లంటే ఏం కాను?"

"ఇప్పుడు నీకు బస్సు లేదుగా."

"బస్సు లేకపోతే నువ్వున్నావుగా" అన్నాడు గుర్నాథం గొంతు తగ్గించి. "నాకేవన్నా అయితే పర్లేదే. ఆదివారం ఆట పెట్టుకుని, నేను బాగున్నాను బాగున్నానని గోల పెట్టి, అది తిరిగొచ్చి నీ కాలిమీద పడితే? నన్ను నేను చెప్పుచ్చుకు కొట్టుకున్నా సరిపోద్దా?"

నూకరత్నం మోకాలి గుడ్డ బిగించుకుని లేచి పోయింది. గొడుగు పట్టుకుని వెనక నిలబడ్డ అమ్మాజీ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఏదో ఆలోచనలో పడింది.

ఆదివారం వచ్చింది. తోటపేట జట్టు ట్రాక్టరెక్కి వచ్చింది. సెలెక్టరు మందాకిని మేడమ్ వచ్చి కోర్టులోకి దిగి, చెప్పు తీసి పాదంతో నేల రుద్ది చూసింది. మొహం చిట్లించింది.

"ఇది నేలా, రోకలిబండా? తడపకుండా ఆడిస్తే నేను చూడను. నాకు పిల్లల మోకాళ్ళు కావాలి. నా బస్సు టైములోగా తడిపి మొదలెట్టండి, లేకపోతే ఇంకో ఊరికి పోతాను."

తడుపుదామంటే వరుస పూర్తి కావాలి. ఆ వేళకు ఊళ్ళో మనుషులైపోయారు. బుల్లబ్బాయి గారు కూడా వరుసలో నిలబడ్డారు. ఆయన వెనక ఎవరూ లేరు. దివాకరం గారు అటూ ఇటూ చూసి, కోర్టు పక్కన కాళ్ళు సాగదీసుకుంటున్న గాదెలంక పిల్లల్ని చూశారు.

"క్రీడాకారిణులు కూడా పౌరులే కదా" అన్నారు.

నూకరత్నం చేతికి గొడుగొచ్చింది. ఆమె బుల్లబ్బాయి గారికి తోడు. ఆమెకు తోడు ఇంకో పిల్ల. అలా ఏడుగురూ వరుసలో చేరారు. ఏడో పిల్ల వెనక మళ్ళీ ఖాళీ. దివాకరం గారు తోటపేట కోచ్ దగ్గరకు వెళ్ళి భుజం మీద చెయ్యి వేశారు.

"మీ అమ్మాయిల్లో ఒకరిని కేటాయించగలరా? అంతర్ గ్రామ సౌహార్దానికి ఇదొక మహత్తర నిదర్శనం అవుతుంది."

"మరి ఆటెవరాడతారు సార్?" అన్నాడు కోచ్ బిత్తరపోయి.

"ఆట నేడు కాకపోతే రేపు. తోడ్పాటు ఆగితే మళ్ళీ రాదు."

తోటపేట కెప్టెన్ కూడా గొడుగు పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల వెనకా ఖాళీయే. ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు. మిల్లు మలుపు నుంచి కోర్టు దాకా గొడుగు వెనక గొడుగు, ఒకరినొకరు అలసిపోయారా అని అడుగుతూ, "ఏదోనండీ" అని చెప్పుకుంటూ నిలబడ్డారు. నేల ఎండిపోయి నోరు తెరుచుకుని ఉంది. మందాకిని మేడమ్ గడియారం చూసుకుని సంచీ భుజాన తగిలించుకుంది.

గుర్నాథం తల తిప్పి చూశాడు. దూరంగా, వరుస తోకలో, మోకాలికి గుడ్డ కట్టుకుని నూకరత్నం గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. కూతకు కట్టిన కొప్పు కట్టినట్టే ఉంది. పిల్ల ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండేదనుకున్నాడు.

"అన్నయ్యగారూ" అంది వెనకనుంచి అమ్మాజీ. ఈసారి అలసిపోయారా అని అడగలేదు. కొంగు ముడి విప్పి చూపించింది. అందులో గుప్పెడు కళ్ళుప్పు, ఎండు మిరపకాయలు. "తెచ్చుకునే వచ్చాను. మీరనెయ్యండి. ఆనక ఎంత దిష్టి తగిలినా నేను తీసిపారేస్తాను. ఊరి దిష్టంతా తీయాల్సొచ్చినా సరే."

గుర్నాథం కుర్చీలోంచి లేచాడు. నోరు తెరిచాడు.

"ఏదో..." అని వచ్చింది. ఛీ అనుకుని ఉమ్మి మింగాడు. కళ్ళు మూసుకున్నాడు. కోళ్ళగంప తేలుకుంటూ పోయింది. కళ్ళు తెరిచాడు.

"నేను బాగున్నాను" అన్నాడు.

జీపులో అప్పన్న గబగబా హ్యాండ్ బ్రేకు లాగాడు.

"ఏమన్నారు?" అన్నారు దివాకరం గారు.

"బాగున్నానన్నానండి! సాయంత్రమయ్యేతలికి ఈ నేల తడుపుతుంటే నాకెంత బాగుంటాదో తవరికేం తెలుసు? ఆ వాసనొస్తే నాకు అన్నం కూడా అక్కర్లేదు. నేను బాగున్నాను!" మూడోసారి ఆయన అడ్డూ ఆపూ లేకుండా, కండక్టరు గొంతుతో, అవతలి గట్టుకు టిక్కెట్టు కొట్టినట్టు అరిచాడు. "నేను బా...గున్నానండోయ్!"

కాలవలో ఏమీ పడలేదు. అందరూ ఒకసారి కాలవ వైపు చూసి మరీ ఖాయం చేసుకున్నారు.

అమ్మాజీ గొడుగు కింద పారేసింది. "నేనూ బాగున్నానహె! మూడుసార్లూ నేనే అంటాను చూడు!" అని మొదలెట్టింది. ఆ పైన ఎవరినీ ఆపే దిక్కు లేకపోయింది. తల తెగిన వరుసకు తోక నిలవదు కనుక ఎవరూ నోరు విప్పక్కర్లేదు. అయినా ఏళ్ళ తరబడి దాచుకున్న మాట కదా, "నాకు మిషనుంది, నేను బాగున్నాను" అని పాపారావు, "నా సోడాలకేం, నేను బాగున్నాను" అని నరసాయమ్మ, గట్టు పొడుగునా గొడుగులు ముడుచుకుంటూ ఊరంతా అరిచింది. సగం గడ్డం రైతు కూడా "మిగతాది గీయిత్తే నేనూ బాగుంటాను" అన్నాడు. నూకరత్నం గొడుగు బుల్లబ్బాయి గారి చేతిలో పెట్టి కోర్టు వైపు పరుగెత్తింది.

దివాకరం గారు మధ్యలో ఒక్కరే మిగిలారు.

"ఇంతమంది బాగుంటే... మరి మండలి..." అన్నారు. ఆయన వాక్యం పూర్తి కాకపోవడం అదే మొదటిసారి.

గుర్నాథానికి జాలేసింది. "తమరెలా ఉన్నారండీ?" అని అడిగాడు.

ఆయన్ని ఎవరూ ఎన్నడూ ఆ మాట అడగలేదు కాబోలు. "ఏదో... అలా నెట్టుకొస్తున్నానయ్యా" అన్నారు. ఆయనది ఆ ప్రాంతం కాదు. నిజంగానే అన్నారు.

"అయ్యో పాపం! అలా ఒక్కరే ఉంటే ఏం బాగుంటాదండీ? పట్టండి" అని గుర్నాథం ఒక బిందె ఆయన చేతిలో పెట్టాడు. సంచాలకులు ప్యాంటు మడిచి కాలవలోకి దిగారు. నాలుగో బిందెకు తడిసిన నేల వాసన ముక్కుకు తగిలింది. "ఇది భలే బాగుందే!" అన్నారు. అంతే అన్నారు. సమగ్రం అనలేదు, సుస్థిరం అనలేదు.

ఆట గురించి ఏం చెప్పను? తోటపేట వాళ్ళు ఊరికే వదిలే రకం కాదు. ఆఖరి కూతకు నూకరత్నం వెళ్ళి, ఇద్దరు కాళ్ళు పట్టుకు లాగుతుంటే, తడి నేలమీద బెత్తెడు జారి గీత అందుకుంది. గాదెలంక గెలిచింది. మోకాలి గుడ్డ చెక్కు చెదరలేదు. మందాకిని మేడమ్ ఆ పిల్లని పిలిచి పేరు, వయసు, ఇంటి పేరు అడిగి ఎంపిక జాబితాలో రాసుకుంది. బస్సు సంగతి మరిచేపోయింది. గుర్నాథం ఖాళీ బిందె బోర్లించి దానిమీద కూర్చుని, ఎవరూ చూడకుండా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

చీకటి పడుతుండగా దివాకరం గారు తడి ప్యాంటుతో జీపెక్కారు. మనసు నిండిపోయి ఉంది. కిటికీలోంచి తల బయటపెట్టి నూకరత్నాన్ని పిలిచారు.

"గెలిచావు, ఎంపికయ్యావు. ఇప్పుడెలా ఉందమ్మా?"

పిల్ల సిగ్గుపడింది. పెద్దవాళ్ళు అడిగితే ఎలా చెప్పాలో చిన్నప్పటి నుంచీ నేర్పిన పెంపకం కదా. మొహం కాస్త వేలాడేసింది.

"ఏదోలెండి సార్, అలా ఆడేశాం" అంది.

ఊరంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. దివాకరం గారి కనుబొమలు కలుసుకున్నాయి. కళ్ళల్లో పాత కరుణ మళ్ళీ పొంగింది. చెయ్యి మెల్లగా జేబులో కలం వైపు వెళ్ళింది.

"క్రీడాకారిణుల్లోనూ ఇంత..." అని మొదలెట్టారు.

గుర్నాథం జేబులోంచి పాత ఈల తీశాడు. రెండుసార్లు ఊదాడు.

"రైట్, రైట్!"

అప్పన్న కాలు దాని పని అది చేసుకుపోయింది. జీపు ఒక్క ఉరుకున గట్టెక్కి, మిల్లు మలుపు తిరిగి, దివాకరం గారి మిగతా వాక్యంతో సహా కనపడకుండా పోయింది.

ఆ తరవాత అమ్మాజీ కొంగు ముడి విప్పింది. నూకరత్నాన్ని నిలబెట్టి దిష్టి తీయబోతుంటే గుర్నాథం అడ్డొచ్చాడు.

"ముందు నాకు తియ్యి చెల్లెమ్మా. మూడుసార్లన్నాను."

అమ్మాజీ ఆయన్ని కోర్టు మధ్యలో నిలబెట్టి, చుట్టూ తిప్పి, నూకరత్నానికీ తిప్పి, ఉప్పూ మిరపకాయలూ నిప్పుల్లో పడేసింది. చిటపటలాడాయి. అందరూ ముక్కులు మూసుకుని చూస్తున్నారు. గుప్పెడు మిరపకాయలు మాడిపోయాయి గాని, ఒక్కరికంటే ఒక్కరికి దగ్గు రాలేదు, తుమ్ము రాలేదు.

"చూశావా? ఘాటే లేదు. ఎంత దిష్టి తగిలిందో!" అన్నాడు గుర్నాథం, పట్టలేని సంతోషంతో.